పైన వాన నీళ్లు, కింద ఉప్పు నీళ్లు

మే నెల రెండో ఆదివారం ఇస్కపల్లి పోయాను. పనేమీ లేదు. మామ ఎన్నాళ్లనుంచో రమ్మంటున్నాడు, నెల్లూరులో ఆ ఎండకి ఇంట్లో కూర్చోలేక బండేసుకుని అల్లూరు మీదుగా వెళ్లిపోయాను. మామంటే మా అమ్మ తమ్ముడు. అరవై దాటాయి. ఉప్పు కొఠారులో ఆయనకి కొన్ని ఎకరాల మడులున్నాయి, నా చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ వాటి గట్లమీదే గడిచాయి. ఇప్పటికీ ఆ తెల్లటి ఎండ తలుచుకుంటే కళ్లు చిట్లించుకుంటాను.

సాయంత్రం నాలుగింటికి పడమట నల్లగా కమ్ముకొచ్చి గాలివాన పట్టుకుంది. ఉప్పు చేసేవాడికి మే నెల్లో వానంటే వరి కోసేవాడికి కోతలప్పుడు వానలాంటిదే. నేను కుప్పల మీద తాటాకులు సరిగ్గా ఉన్నాయో లేదో చూద్దామని అటు పరిగెత్తాను. మామ అటు చూడనైనా చూడలేదు. ఆయనా, ఇంకో ఇద్దరు పనివాళ్లూ నేరుగా చివరి మడుల దగ్గరికి పోయి, గట్టు మీద పైపైన, రెండు వేళ్ల మందాన మాత్రం మట్టి గీకి, సన్నగా గండి పెట్టారు. మడిలో పైనున్న నీళ్లు ఆ గండిలోంచి జారిపోతున్నాయి. నేను సాయం చేద్దామని మడిలోకి దిగబోతే గట్టిగా అరిచాడు.

"దిగబాకబ్బయా! కింద నీళ్లు కదిలినాయంటే పది రోజుల పని పాయె."

అప్పుడు అర్థమైంది. నలభై ఏళ్లు వచ్చినా ఇన్నాళ్లూ ఇది గమనించలేదంటే నాకే సిగ్గేసింది. వాన నీళ్లు మడిలో పడి కలిసిపోవడం లేదు, పైన తేలుతున్నాయి. కిందున్న ఉప్పు నీళ్లు లీటరుకి 1.2 కిలోలు తూగుతాయి, వాన నీళ్లు కిలో. పాలమీద మీగడలా పైనే ఉండిపోతాయి. వాటిని కదపకుండా పైనుంచి తీసేస్తే కింద చిక్కటి నీళ్లు చిక్కగానే మిగులుతాయి. గట్టుమీద కూర్చుని వేలు పైపైన ముంచి నాలికమీద పెట్టుకున్నాను, కొంచెం ఉప్పగా ఉన్న వాన నీళ్లు. అదే మోచేతిదాకా ముంచి తీసి నాకితే నోరంతా మంట.

ఇంకో సంగతి మర్నాడు తెలిసింది. ఒక మడికి గండి పెట్టడానికి ముందే చీకటి పడితే అలాగే వదిలేశారు. పొద్దున పదకొండింటికి మామ చూడకుండా అందులో కాలు పెట్టాను. పైన చల్లగా ఉంది, అరికాలు మాత్రం చురుక్కుమంది. మామూలుగా ఏ నీళ్లయినా అడుగున వేడెక్కితే తేలికై పైకొస్తాయి, గాలికి చల్లారతాయి. ఇక్కడ అడుగు నీళ్లు ఎంత వేడెక్కినా ఉప్పు బరువుకి పైకి లేవలేవు. పైనున్న తేట నీళ్లు దుప్పటి కప్పినట్టు ఉంటాయి. దీన్ని వాడుకుని గుజరాత్‌లో భుజ్ దగ్గర ఓ పెద్ద సోలార్ చెరువే కట్టి డెయిరీకి వేడినీళ్లు సరఫరా చేశారు. రొమేనియాలో సొవాతా అనే ఊళ్లో సహజంగా ఏర్పడ్డ ఉప్పు చెరువు ఒకటి ఉంది, 1900 ప్రాంతంలో దాన్ని కొలిచినవాళ్లు పైకంటే మీటరు కింద నీళ్లు చాలా వేడిగా ఉండటం చూసి ముందు భూమిలోంచి వేడి వస్తోందనుకున్నారు. తీరా చూస్తే అది మా మామ గండి పెట్టడం మరిచిపోయిన మడి సంగతే.

ఈ పోస్టు రాయాలనిపించింది ఆ అరికాలి చురుకు వల్లే. ఎందుకంటే మా మడిలో ఆ సాయంత్రం జరిగిందే బంగాళాఖాతంలో ఏటా జరుగుతుంది.

స్కూల్లో సముద్రపు నీళ్ల లవణీయత 35 అని చదివాం. వెయ్యి గ్రాముల నీళ్లలో 35 గ్రాముల ఉప్పులు. ఖాళీలు పూరింపుము, ఒక మార్కు. (ఆ లవణీయత అన్న మాట పరీక్షలోనే తప్ప బయట ఎక్కడా వినలేదు, మా వైపు రొయ్యల గుంటల దగ్గర బడికి పోనివాళ్లు కూడా సెలినిటీ అనే అంటారు.) ఆ 35 అనేది ప్రపంచం మొత్తానికి సగటు. మైపాడు బీచ్‌లో కాళ్లు తడుపుకుంటున్న మనకి ఆ సగటుతో పనిలేదు. మన బంగాళాఖాతం ఆ సగటు కంటే పలచన, పడమటి వైపు అరేబియా సముద్రం ఆ సగటు కంటే చిక్కన, అక్కడ 36 దాకా ఉంటుంది. రెండూ ఒకే అక్షాంశాల్లో ఉన్నాయి, ఒకే సూర్యుడు, ఒకే రుతుపవనాలు. మధ్యలో మనం కూర్చున్న ఈ త్రిభుజం. తేడా ఎక్కడొచ్చిందంటే జమాఖర్చుల దగ్గర. అరేబియా సముద్రం మీద పడే వానకంటే ఆవిరై పోయేది ఎక్కువ. ఇటువైపు గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, మహానది, గోదావరి, కృష్ణ, మా పెన్న కూడా ఉడతా భక్తిగా, అన్నీ ఇందులోకే వచ్చి పడతాయి, పైనుంచి వాన. రాబడి ఎక్కువ, ఆవిరి తక్కువ.

అలా వచ్చిపడిన నది నీళ్లు సముద్రంలో కలిసిపోతాయనే అనుకుంటాం కదా. తొందరగా కలవవు. పైనే తేలుతూ, చలికాలం ముందు తీరం వెంట దక్షిణంగా నడిచే ప్రవాహంతో పాటు ఒడిశా నుంచి మన వైపు, మన దగ్గర్నుంచి తమిళనాడు వైపు జారుకుంటూ పోతాయి. ఈ సంగతి పట్టుకున్న పద్ధతి నాకు భలే నచ్చింది. శాస్త్రవేత్తలు తూర్పు తీరం వెంట మత్స్యకారులకి సీసాలిచ్చి, ఐదు రోజులకోసారి సముద్రపు నీళ్లు పట్టి ఇమ్మన్నారు. ఓడలక్కర్లేదు, ఉపగ్రహాలక్కర్లేదు. ఏళ్ల తరబడి పట్టిన ఆ సీసాల లెక్క 2014లో అచ్చయింది. నైరుతి రుతుపవనాల చివర్లో ఉత్తరాన ఉప్పు కిలో నీళ్లకి పది గ్రాములకు పైగా తగ్గిపోతుంది, ఆ పలచని నీళ్లు తీరాన్ని అంటిపెట్టుకుని సుమారు 100 కిలోమీటర్ల వెడల్పు పట్టీగా దక్షిణానికి నడిచి, రెండున్నర నెలల్లో దేశం కొసకి చేరతాయి. వాళ్లు దానికి పెట్టిన పేరు 'సముద్రంలో నది'. అంటే ఎక్కడో హిమాలయాల్లో కరిగిన మంచూ, అస్సాంలో కురిసిన వానా అక్టోబరు, నవంబరు నెలల్లో మన ఒడ్డు పక్కగానే పోతుంటాయి. కార్తీక పౌర్ణమికి మైపాడులో మునిగినవాళ్లకి గంగా స్నానం పుణ్యంలో కొంత వాటా వస్తుందని ఇంట్లో అంటే మా ఆవిడ నన్ను చూసి నవ్వింది, అమ్మ మాత్రం నవ్వలేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు అరికాలి చురుకు గుర్తు తెచ్చుకోండి.

తుఫాను బతికేది వెచ్చటి నీళ్ల మీద. మామూలుగా తుఫాను తన గోయి తానే తవ్వుకుంటుంది, గాలికి సముద్రం చిలికినట్టయి అడుగు నుంచి చల్లటి నీళ్లు పైకొస్తాయి, పైన చల్లబడేసరికి తుఫానుకి తిండి తగ్గుతుంది. బంగాళాఖాతంలో పైన తేలే పలచని పొర ఆ చిలకడాన్ని అడ్డుకుంటుంది. మూడు గ్రాముల ఉప్పు తేడా ఉందంటే చాలు, బరువు లెక్కలో అది సుమారు ఏడు డిగ్రీల వేడి తేడాతో సమానం, అంత బరువున్న నీళ్లని కిందనుంచి పైకి లాగాలంటే గాలికి చాలా శ్రమ. పైగా ఆ పలచని పొరకి కిందనే ఉన్న నీళ్లు ఉప్పగా ఉంటాయి కానీ వెచ్చగానే ఉంటాయి. అసలు చల్లటి నీళ్లు ఇంకా కింద. గాలి కష్టపడి చిలికినా పైకొచ్చేది వెచ్చటి నీళ్లే. తుఫాను బలపడటానికి కారణాలు ఇంకా చాలా ఉన్నాయి, పై గాలుల తీరు, తేమ, అన్నీ కలిసిరావాలి. కానీ ఆ ఉప్పు తక్కువ పొర మన సముద్రానికి పట్టిన ఒక దుప్పటి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను సంగతి మా ఇంట్లో ఇప్పటికీ కథలుగా చెప్తారు, అది పుట్టింది థాయిలాండ్ సింధుశాఖలో, ఆ సన్నటి నేలమీదుగా ఇవతలికొచ్చి, మన సముద్రంలోకి దిగాక మరింత రెచ్చిపోయింది. మామ మడుల గట్లు ఆ ఏడాది ఒక్కటి మిగల్లేదట. 2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ మా తీరం పక్కనే నెమ్మదిగా నడుస్తూ బాపట్ల దాకా పోయింది, నెల్లూరులో రెండు రోజులు కరెంటు లేక ఫోన్లన్నీ ఆరిపోయిన టెన్షన్ మాత్రం నాకు బాగా గుర్తు.

సరే, కొఠారుకి వద్దాం. అసలు ఉప్పు ఎలా పండుతుందో చూస్తే మిగతా సముద్రాల కథ సగం తెలిసిపోతుంది.

ఉప్పుటేరు నుంచి నీళ్లు మొదటి మడిలోకి తోడతారు. గాజు మీటరు ముంచితే అప్పుడు మూడు డిగ్రీల దగ్గర ఉంటుంది. (ఈ డిగ్రీలు వేడివి కావు, చిక్కదనానివి.) ఎండకి నీళ్లు పోతాయి, ఉప్పు పోదు. ఒక మడి నుంచి ఇంకో మడికి, అక్కడ్నుంచి ఇంకోదానికి మారుస్తుంటే ముందు సున్నం దిగుతుంది, 13, 14 డిగ్రీలు దాటాక జిప్సం దిగుతుంది, 25 దాటితే అసలు ఉప్పు. మొదటి మడిలోకి వచ్చిన నీళ్లలో అప్పటికి పదింట తొమ్మిదొంతులు గాలిలో కలిసిపోయి ఉంటాయి. టన్ను ఉప్పు కావాలంటే లెక్క ప్రకారమే 37 టన్నుల సముద్రపు నీళ్లు కావాలి, చేతల్లో ఇంకా ఎక్కువే పడతాయి. రోహిణి కార్తెలో ఎకరా మడిలో రోజుకి ఎనిమిది మిల్లీమీటర్లు ఎండినా 32 వేల లీటర్లు. మా వీధిలోకి వచ్చే మంచినీళ్ల ట్యాంకర్లు ఆరు. ఒక్క ఎకరానికి, ఒక్క రోజులో, చప్పుడు లేకుండా. నీళ్లు చిక్కబడేకొద్దీ ఎండకి లొంగవు కూడా, చివరి మడిలో నీళ్లు మొదటి మడిలో అంత తొందరగా ఎండవు, ఉప్పు పట్టుకుని కూర్చుంటుంది.

29 డిగ్రీలు దాటాక మామ ఆ మిగిలిన నీళ్లని బయటికి వదిలేస్తాడు. అవి చేదు. మెగ్నీషియం ఉప్పులన్నీ అందులో ఉంటాయి. వదలకపోతే పండిన ఉప్పు కూడా చేదెక్కి చెమ్మ పీల్చుతుంది. "లోపలికి తోడేది ఎవడైనా తోడతాడు, బయటికి తోలేది తెలిస్తేనే ఉప్పు" అని ఆయన ఎప్పుడూ అంటుంటాడు. చిన్నప్పుడు ఇది వేదాంతమేమో అనుకునేవాణ్ని. కాదు, పచ్చి లెక్క. మధ్యధరా సముద్రం మొత్తం ఈ లెక్క మీదే నడుస్తోంది.

మధ్యధరా చుట్టూ ఎండలు, పొడి గాలులు. నైలు, రోన్, పో నదులు తెచ్చేవీ, వానగా పడేవీ కలిపినా ఆవిరయ్యే దానికి చాలవు. అందుకని జిబ్రాల్టర్ జలసంధిలోంచి అట్లాంటిక్ నీళ్లు పై నుంచి లోపలికి వస్తుంటాయి. 1687లో ఎడ్మండ్ హేలీ, తోకచుక్క హేలీనే, ఒక పళ్లెంలో ఉప్పునీళ్లు పోసి, వేసవి వేడికి కాచి, తక్కెడలో తూచి, ఎంత తగ్గిందో చూసి, ఆ లెక్కన మధ్యధరా మొత్తం రోజుకి ఎంత ఆవిరవుతుందో కట్టాడు. నదుల్లోంచి వచ్చే నీళ్లని కూడా అంచనా కట్టాడు. ఆవిరి నదులకి దాదాపు మూడింతలు తేలింది. పళ్లెంలో ఉప్పునీళ్లు కాచి సముద్రాన్ని తూచిన మనిషి, మా మామకి తెలిస్తే ఆయనకి నమస్కారం పెడతాడు.

అయితే ఆవిరైనంత నీళ్లు మాత్రమే లోపలికి వస్తే ఏమవుతుంది? వచ్చిన నీళ్లతో ఉప్పు వస్తుంది, ఉప్పు మళ్లీ పోదు, ఏటికేడాది చిక్కబడుతూ పోవాలి. పోవడం లేదు. ఎందుకంటే జిబ్రాల్టర్ అడుగున ఇంకో ప్రవాహం ఉంది, చిక్కటి, బరువైన నీళ్లు కింద నుంచి అట్లాంటిక్‌లోకి జారిపోతుంటాయి. బిందెలతో లెక్క వేద్దాం. లోపలికి వచ్చే నీళ్ల ఉప్పు 36, బయటికి పోయే నీళ్లది 38 అనుకోండి. 20 బిందెలు లోపలికి వచ్చాయి, ఉప్పు 20 × 36, అంటే 720. అందులో ఒక్క బిందె ఆవిరైపోయింది. మిగిలిన 19 బిందెలు 38 ఉప్పుతో బయటికి పోతే 722. లెక్క దాదాపు సరిపోయింది. అంటే ఒక్క బిందె ఎండ తాగడం కోసం 20 బిందెలు గుమ్మంలోకి వచ్చి, 19 బిందెలు దొడ్డిదారిన పోవాలి. ఈ లెక్క మొదటిసారి వేసుకున్నప్పుడు నేను టీ చల్లారిపోయేదాకా కాగితం చూస్తూ కూర్చున్నాను. సముద్ర ప్రవాహమంటే గాలి తోస్తే నడిచేదనే అనుకుంటూ వచ్చాను మరి.

నల్ల సముద్రానిది తిరగేసిన లెక్క. అక్కడ డాన్యూబ్, నీపర్ లాంటి నదులదే పైచేయి. పైనున్న పలచని నీళ్లు, 18 ఉప్పువి, ఇస్తాంబుల్ పక్కనున్న బాస్ఫరస్‌లోంచి బయటికి పోతాయి, 36 దగ్గర ఉప్పున్న నీళ్లు అడుగునుంచి లోపలికి పోతాయి. లోపలికి ఒక బిందె, బయటికి రెండు బిందెలు, మధ్యలో నదులు తెచ్చిన ఒక బిందె, ఉప్పు ఇటు 36, అటు రెండు పద్దెనిమిదులు. ఇది మొదట కొలిచి చూపించింది మార్సిలి అనే ఇటలీ కుర్రాడు, 1680 ప్రాంతంలో. ఆ జలసంధిలో వలలు కిందికి దించితే పై ప్రవాహానికి ఎదురు దిక్కుకి లాగుతాయని అక్కడి జాలర్లకి ముందే తెలుసు, వాళ్లు చెప్పిందే ఇతను విన్నాడు, తాడుకి గుర్తులు కట్టి దించి చూశాడు, తర్వాత మధ్యలో అడ్డుపలక పెట్టిన తొట్టి చేయించి ఒకవైపు చిక్కటి నీళ్లు, ఒకవైపు పలచటి నీళ్లు పోసి, అడ్డుపలకకి కింద ఒక కన్నం, పైన ఒక కన్నం పెట్టి చూపించాడు. 1681లో పుస్తకం వేశాడు. కింద కన్నంలోంచి చిక్కటివి అటు, పై కన్నంలోంచి పలచటివి ఇటు. ఇంట్లో అక్వేరియం తొట్టి పాతది ఉంటే మీరు చేసుకోవచ్చు, చిక్కటి నీళ్లలో కొంచెం పసుపు కలపండి.

దొడ్డిదారి మూసుకుపోతే ఏమవుతుందో కూడా భూమి ఒకసారి చేసి చూపించింది. సుమారు 60 లక్షల ఏళ్ల కిందట మొదలై 53 లక్షల ఏళ్ల కిందటి దాకా, అట్లాంటిక్‌కీ మధ్యధరాకీ మధ్య దారి ఇరుకైపోయింది, భూమి పొరలు లేచి. 1970లో గ్లోమర్ చాలెంజర్ అనే ఓడ ఆ సముద్రం అడుగున తవ్వి చూస్తే ఉప్పు, జిప్సం. కొన్నిచోట్ల ఆ ఉప్పు పొర కిలోమీటరు దాటి మందం. మళ్లీ కొఠారు లెక్క వేయండి, మధ్యధరా సగటు లోతు ఒకటిన్నర కిలోమీటరు, అదంతా ఒక్కసారి ఎండిపోతే మిగిలే ఉప్పు పాతిక ముప్ఫై మీటర్లకి మించదు. మరి కిలోమీటరు ఎక్కడినుంచి వచ్చింది? ఒక్కసారి ఎండిపోయి ఊరుకోలేదు. ముందు గుమ్మంలోంచి నీళ్లు వస్తూనే ఉన్నాయి, వెనక దారిన పోవడం మాత్రం సాగలేదు. తోడటమే తప్ప తోలడం లేని మడి అన్నమాట. లక్షల ఏళ్లు.

మృత సముద్రం ఇప్పుడూ అలాంటిదే. సముద్ర మట్టానికి 430 మీటర్లకి పైగా కింద ఉంది, జోర్డాన్ నది వచ్చి పడుతుంది, పోయే దారి లేదు, ఉప్పు మామూలు సముద్రానికి దాదాపు పదింతలు. అందులో వంటకి పనికొచ్చే ఉప్పుకంటే మెగ్నీషియం ఉప్పులే ఎక్కువ. మామ బయటికి తోలేసే చేదు నీళ్లే ఆ సరస్సు నిండా ఉన్నాయి. నది నీళ్లు పైనే సాగుకి మళ్లించడంతో ఏటా మీటరుకి పైగా తగ్గిపోతోంది. అరల్ సముద్రం కథ అందరికీ తెలిసిందే, 1960ల నుంచి పత్తికోసం రెండు నదుల్నీ మళ్లించారు, మిగిలింది ఎడారి.

అంత దూరం ఎందుకు, పులికాట్ ఉంది. నా చిన్నప్పుడు అది మా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది, డిసెంబరులో పోతే రెండు పక్కలా నీళ్లు, ఫ్లెమింగోలు, మే నెలలో పోతే రెండు పక్కలా పగుళ్లిచ్చిన ఒండ్రు, తెల్లటి పొక్కులు. ఈశాన్య రుతుపవనాల వానలకి కాళంగి, స్వర్ణముఖి, తమిళనాడు వైపునుంచి ఆరణి నీళ్లు వచ్చి సరస్సు దాదాపు మంచినీళ్లవుతుంది. వేసవికి అదే సరస్సు సముద్రం కంటే ఉప్పగా తయారవుతుంది. అంతా ముఖద్వారం మీద ఆధారపడి ఉంది. సముద్రంతో కలిపే ఆ దారుల్ని ఇసుక పూడ్చేస్తే పోటు నీళ్లు రావు, లోపలున్నవి ఎండతాయి, చేపలూ రొయ్య పిల్లలూ రావు. పూడిక తీయమని అక్కడి జాలర్లు ఏళ్ల తరబడి అడుగుతున్నది ఇదే. మార్సిలి తొట్టిలో రెండు కన్నాలూ మూసేస్తే ఏమవుతుందో వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక మహాసముద్రాల సంగతి, త్వరగా చెప్పేస్తాను, ఇదే ఎక్కువగా వార్తల్లో వస్తుంది కాబట్టి. అట్లాంటిక్ పసిఫిక్ కంటే ఉప్పన. ఒక కారణం, అట్లాంటిక్ మీద లేచిన ఆవిరిని వ్యాపార పవనాలు పనామా దగ్గర సన్నటి నేల దాటించి పసిఫిక్‌లో వానగా పోస్తాయి. నీళ్లు పక్కింటికి పోయాయి, ఉప్పు ఇక్కడే ఉండిపోయింది. ఆ ఉప్పటి వెచ్చటి నీళ్లు ఉత్తరంగా గ్రీన్‌లాండ్, నార్వే వైపు నడిచి, అక్కడ చల్లబడి, ఉప్పూ చలీ రెండూ తోడై బరువెక్కి కిలోమీటర్ల లోతుకి దిగిపోతాయి, అడుగున దక్షిణానికి మళ్లుతాయి. పసిఫిక్ ఉత్తరాన చలి ఉన్నా నీళ్లు పలచన, అంత లోతుకి దిగవు. అట్లాంటిక్‌లో ఈ దిగుడు ప్రవాహాన్ని 2004 నుంచి పరికరాలు దించి కొలుస్తున్నారు, సెకనుకి సుమారు కోటీ డెబ్బై లక్షల ఘనపు మీటర్లు. మనకి అలవాటైన క్యూసెక్కుల్లో 60 కోట్లు. 1986లో ధవళేశ్వరం దగ్గర గోదావరికి 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటాం కదా, అలాంటివి 170 గోదావర్లు, ఆగకుండా.

1961లో హెన్రీ స్టోమెల్ అనే సముద్ర శాస్త్రవేత్త దీన్ని రెండు తొట్లు, మధ్యలో గొట్టాలు పెట్టినట్టు ఊహించి లెక్కలు కట్టాడు. తేలింది ఏమిటంటే, ప్రవాహమే ఉప్పుని ఉత్తరానికి మోసుకెళ్తుంది, ఆ ఉప్పే ప్రవాహాన్ని నడుపుతుంది. మంచు కరిగి, వానలు పెరిగి ఉత్తరాన నీళ్లు పలచబడితే దిగుడు తగ్గుతుంది, దిగుడు తగ్గితే ఉప్పు రావడం తగ్గుతుంది, ఇంకా పలచబడుతుంది. ఈ శతాబ్దంలో ఆ ప్రవాహం బలహీనపడుతుందన్నది చాలామంది ఒప్పుకున్నదే, పూర్తిగా ఆగిపోతుందా అన్నదాని మీద గట్టి వాదనలు నడుస్తున్నాయి. గ్రీన్‌లాండ్ దగ్గర వాన నీళ్లు పైన పరుచుకుంటే గండి పెట్టి తీసేయడానికి అక్కడ మామ లేడు.

విడవలూరు దగ్గర రొయ్యల గుంటలున్న స్నేహితుడొకడున్నాడు నాకు. ఉదయం లేచి పళ్లు తోమకముందే సెలినిటీ చూసుకునే రకం. వాడి దగ్గర చిన్న రిఫ్రాక్టోమీటరు ఉంది, చుక్క వేసి వెలుతురులో చూస్తే అంకె కనిపిస్తుంది. పోయినేడు నుంచి నేను మైపాడు పోయినప్పుడల్లా వాటర్ బాటిల్‌లో సముద్రపు నీళ్లు పట్టుకొచ్చి వాడికి ఇస్తున్నాను. మేలో పట్టింది 34 వచ్చింది. డిసెంబరు మొదటి వారంలో పట్టింది 28. ఒడ్డున మోకాళ్ల లోతులో పట్టిన నీళ్లు, పెన్న కలిసేది పక్కనే, కాబట్టి దీన్ని శాస్త్రమనలేం. అయినా ఆ 28 చూసినప్పుడు ఒళ్లు జలదరించింది, సీసాలో గంగ ఉందేమోనని.

ఈసారి ఇస్కపల్లిలో రాత్రి భోజనాలయ్యాక, చేపల పులుసు మాట్లాడనిస్తే కదా, మామకి ఇదంతా చెప్పాను. నా సీసా లెక్క కూడా చెప్పాను, 34, 28 అని. మన సముద్రం డిసెంబరులో పలచబడుతుంది మామా, అని కొంచెం గర్వంగానే.

ఆయన పుల్లతో పళ్లు కుట్టుకుంటూ నావైపు చూశాడు.

"మరి సంక్రాంతి దాటినా నేను ఏట్లో నీళ్లు ఎందుకు ముట్టనబ్బయా? వానలు పోయినాయి గదా, గట్లు కట్టుకోని కూర్చుండాను గదా. ఇంకో నెల ఆగి తోడితే అవే నీళ్లు చిక్కబడొస్తాయి. ఇప్పుడే తోడితే డీజిలు దండగ."

అని లేచి, పడమట మబ్బు ఏమైనా ఉందేమో చూడటానికి వీధిలోకి పోయాడు.